‘పోయిండు’ అన్న ఒక్క మాట

ముందే చెబుతున్నాను, ఆ మాట నేను తప్పుగా అనలేదు. మా వైపు అలాగే అంటారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడూళ్ల మధ్య ఎవరింట్లోనైనా మనిషి చనిపోతే ‘చచ్చిపోయిండు’ అనడానికి నోరు రాదు. ‘పోయిండు’ అంటాం. పొద్దున బస్సెక్కి బెజవాడ వెళ్లినవాడూ పోయిండే, కాటికి వెళ్లినవాడూ పోయిండే. చెప్పేవాడి మొహం చూసి వినేవాళ్లు అర్థం చేసుకోవాలి. ఇన్నేళ్లుగా నాకు నేను ఇదే చెప్పుకుంటున్నాను. చెప్పుకున్నప్పుడల్లా నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

మాది సూర్యాపేటలో బండి తోలుకొని బతికే ఇల్లు. నాన్న, అన్న, నేను, రెండు జతల ఎడ్లు. బెల్లం, మిరపకాయలు, ఉన్ని, ఏది దొరికితే అది వేసుకొని కోదాడ మీదుగా బెజవాడ దాకా పోయి వచ్చేవాళ్లం. నా దోస్తుది కోదాడకు కోసెడు దూరంలో ఉన్న పల్లె, గొర్రెలు కాసే ఇల్లు. ఉన్ని మూటల కోసం వాళ్లింటికి వెళ్లినప్పుడు కలిశాడు. నాకంటే ఏడాది చిన్న. తండ్రి లేడు. తల్లి, వాడు, అప్పుడే కాపురానికి వచ్చిన వాడి పెళ్లాం, అంతే ఆ ఇల్లు. ఆ ఏడు మందలో రోగం పడి సగానికి సగం గొర్రెలు చచ్చాయి. యుద్ధం రోజులు. మునగాలలో ఒకాయన నేవీలోకి కుర్రాళ్లను భర్తీ చేయిస్తున్నాడని, తిండీ బట్టా వాళ్లే ఇస్తారని మా చెవిన పడింది. సముద్రం ఎలా ఉంటుందో ఇద్దరికీ తెలియదు. ‘మన మూసి కంటె పెద్దగుంటదా?’ అని అడిగాడు వాడు. ‘ఉంటదేమో’ అన్నాను నేను.

ఇంట్లో చెబితే పంపరు. చెప్పకుండా పోయాం. అక్కడ మేం ఒక తెలివితక్కువ పని చేశాం, పైగా చాలా తెలివైన పని చేశామనుకున్నాం. అప్పట్లో చుట్టూ నైజాం రాజ్యం, మధ్యలో మునగాలా దాని కింది కొన్ని ఊళ్లూ మాత్రం ఇంగ్లీషు వాళ్ల ఇలాకా. నైజాం మనుషులమంటే తీసుకోరేమోనని ఇద్దరిదీ మునగాలే అని రాయించాం. ఇంటి జాడ అడిగితే, బండ్లు ఆగేచోట చాయ్ అమ్మే ఒక ముసలాయన జాడ చెప్పాం. ఆయన ఒప్పుకున్నాడు కూడా. ‘ఉత్తరమొస్తే దాసిపెడత, పోయి రాండ్రి’ అన్నాడు. మేం ఓడ మీద ఉండగానే ఆయన కొట్టు ఎత్తేసి ఎటో వెళ్లిపోయాడట. ఆ సంగతి తిరిగొచ్చాక తెలిసింది. సర్కారు ఏ కాగితం పంపినా, ఏ తంతి కొట్టినా, నా దోస్తు తల్లికి అది చేరే దారి లేదు. చెప్పగలిగిన మనిషిని నేనొక్కణ్నే మిగిలాను.

బొంబాయిలో పని నేర్పించి ఇద్దర్నీ స్టోకర్లను చేశారు. స్టోకరంటే ఓడ కడుపులో బాయిలర్ దగ్గర మంట చూసుకునేవాడు. నేవీ అనగానే జనం తెల్లబట్టలు, తుపాకులు అనుకుంటారు. నేను తుపాకి పేల్చింది నేర్పించేటప్పుడు రెండుసార్లు, అదీ అట్టముక్క మీద. మిగతా కాలమంతా పార, బొగ్గు, చెమట. మా ఓడ చిన్నది, పాతది, దగ్గుకుంటూ పోయేది. పంజాబు వాళ్లు మమ్మల్ని మద్రాసీలనేవారు. నైజాం వాళ్లకు ఉర్దూ వస్తుందని వాళ్లకు తెలియదు కాబట్టి నెల రోజులు మా ముందే మమ్మల్ని హాయిగా తిట్టారు. ఒకరోజు తిండి దగ్గర నా దోస్తు తలెత్తి, మా నైజాం ఉర్దూలో, ‘భాయ్, మా అమ్మ జోలికి రాకండి, మిగతాది ఏమన్నా అనుకోండి’ అన్నాడు. ఓడంతా నవ్వింది. ఆ రోజు నుంచి వాడంటే అందరికీ ప్రాణం.

పని దిగాక పైకి వచ్చి కమ్మీ పట్టుకొని నిలబడేవాడు. గాలికి అలల మీద తెల్లగా నురగ లేస్తుంటే చూసి, ‘ఎంత మందరా! తోలేటోడే లేడు’ అనేవాడు. తల్లి గురించి రోజూ మాట్లాడేవాడు. పెళ్లాం మాటెత్తడానికి సిగ్గు. ఒక్కసారి మాత్రం, ‘దాని మొఖం సరిగ్గ యాదికొస్తలేదురా. రెండు నెలలే గద సూసింది’ అని బాధపడ్డాడు. పోయినాక చూసుకుందువులే అని నేను వీపు మీద చరిచాను.

యుద్ధం ఇక ముగుస్తుందనగా వచ్చిన ఎండాకాలం. ఓడ అరబ్బు దేశాల వైపు సముద్రంలో ఉంది. పైన చెక్కల మీదే కాలు పెట్టలేకపోతున్నాం, కింద బాయిలర్ గది సంగతి ఇక చెప్పేదేముంది. వాడూ నేనూ పక్కపక్కనే పనిలో ఉన్నాం. పార గోడకు ఆనించి, ‘జర కూసుంటరా’ అన్నాడు. కూర్చున్నాడు. తిరిగి చూసేసరికి వాడి ఒంటి మీద చెమట లేదు. చెయ్యి వేస్తే కాలిపోతోంది. పైకి మోసుకెళ్లి నీళ్లు పోశాం, విసిరాం, పిలిచాం. సాయంత్రానికి అయిపోయింది. ఒడ్డు చేరడానికి ఇంకా కొన్ని రోజులు పడుతుంది, అన్నాళ్లు శవాన్ని ఉంచరు. మరుసటి పొద్దున గట్టి గుడ్డలో కుట్టి, కాళ్ల దగ్గర ఇనుము కట్టి, పలక మీంచి సముద్రంలోకి జార్చారు. కుట్టిన ఇద్దరిలో నేనొకణ్ని.

యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు వానాకాలంలో నన్ను పంపించేశారు. ఒక రేకుపెట్టె, ఒక సంచి. బెజవాడలో రైలు దిగి బొగ్గుతో నడిచే బస్సెక్కాను. సూర్యాపేటకే టికెట్టు తీసుకున్నాను కానీ కోదాడలో దిగాను. మా ఇంటికంటే ముందు వాళ్లింటికి పోవాలని ఓడ మీదే అనుకున్నాను. దారి పొడుగునా ఎలా మొదలుపెట్టాలి, ఏమని చెప్పాలి అని లోపల నూరుకుంటూనే ఉన్నాను. ఒక్క మాట కూడా కుదరలేదు.

నేను వెళ్లేసరికి మధ్యాహ్నం. వాళ్ల అవ్వ, అంటే వాడి తల్లి, వాకిట్లో కూర్చొని ఉన్ని ఏకుతోంది. నన్ను చూసి లేచి, నా వెనక దారి వైపు చూసింది. దారి మీద ఎవరూ లేరు.

‘మావోడేడి బిడ్డా?’ అంది.

‘అవ్వా, వాడు సముద్రం మీదనే పోయిండవ్వా’ అన్నాను.

ఆమె చేతిలో ఉన్ని కింద పడింది. ‘పోయిండా? నన్నొక్కపారి సూడకుంటనే పోయిండా?’ అంది. చెప్పేశాను, అయిపోయింది, ఇక ఏడుపే అనుకొని నేను తల దించుకున్నాను. ఇంతలో కోడలు నీళ్ల చెంబుతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అవ్వ ఆమెను చూసింది, మళ్లీ నన్ను చూసింది.

‘మల్ల ఎన్నడొస్తనన్నడు?’ అంది.

నేను తలెత్తాను. ఆమే అందుకుంది. ‘ఇంకో ఓడెక్కిండా? ఎంత దూరం పోయిండో ఏమో! నౌకరి గట్టిగ పట్టుకున్నడన్నట్టు. పోనీ తీ, ఇడిసి వస్తె ఈడేమున్నది?’ అని తనే అడిగి తనే జవాబు చెప్పుకుంది. అప్పుడు కోడలి మొహం ఎలా వెలిగిందని! పద్దెనిమిదేళ్లు కూడా ఉండవేమో ఆ పిల్లకు. మొగుడు క్షేమంగా ఉన్నాడని మూడేళ్ల తర్వాత ఒక మనిషి వచ్చి చెప్పాడు, ఆమెకు అర్థమైంది అదే. ఆ మొహాన్ని చూస్తూ కాదని చెప్పే దమ్ము నాకు లేకపోయింది.

ఆమె కాళ్లకు నీళ్లిచ్చింది. జొన్నరొట్టె, గోంగూర తొక్కు, మజ్జిగ పెట్టింది. ముందురోజు నుంచి నేనేమీ తినలేదు. తిన్నాక చెబుదామనుకొని కూర్చున్నాను. తిన్నాక అసలే చెప్పలేకపోయాను. వాళ్ల రొట్టె తిని, వాళ్ల నీళ్లతో చెయ్యి కడుక్కొని, మీవాడు చచ్చిపోయాడని ఎలా చెబుతాడు మనిషి? చెప్పాలి. చెప్పలేదు. ఉత్త దద్దమ్మను.

సూర్యాపేటలో వారం రోజులు నేనే పెళ్లికొడుకును. ఆ తర్వాత నేను ఎందుకూ పనికిరానని తేలిపోయింది, అందరికంటే ముందు ఎడ్లకు తెలిసింది. నేను కాడి పట్టుకుంటే బెదిరేవి. కంచం ముందు పెడితే ఎవరో గుంజుకుంటారన్నట్టు ఐదు నిమిషాల్లో ఊడ్చేసేవాణ్ని. చొక్కా నాలుగు మడతలు పెట్టి తల కింద పెట్టుకునేవాణ్ని. కాళ్లు ఎడంగా వేసి నడుస్తుంటే మా వదిన, ‘ఏందయ్యా, సూర్యాపేట గూడ ఊగుతున్నదా?’ అని ఆటపట్టించేది. మొదట్లో నవ్వేవాణ్ని. ఒకరోజు కంచం విసిరికొట్టాను. ఆమె వంగి మెతుకులు ఎత్తింది. ఆ తర్వాత ఎప్పుడూ నన్ను ఎగతాళి చేయలేదు. ఆమె నవ్వు మానేయడం నాకు కంచం విసిరినదానికంటే ఎక్కువ సిగ్గనిపించింది.

ఊళ్లోవాళ్లకు కథలు కావాలి. తిమింగలాన్ని చూసినవా? జర్మనోణ్ని చూసినవా? బొంబాయిల నేవీవాళ్లు సమ్మె చేసిన్రట గద, నువ్వు గూడ ఉన్నవా? ఏదీ చూడలేదు, ఎందులోనూ లేను. నేను చూసింది బాయిలర్ తలుపు. అలా అంటే, వీడేం నేవీ అన్నట్టు మొహం పెట్టి లేచిపోయేవారు. వదిన నాకు పెళ్లి సంబంధాలు చూడటం మొదలుపెట్టింది. వద్దన్నాను. ఎందుకని నాన్న అడిగితే మళ్లీ కోపం తెచ్చుకున్నాను. కోదాడ పక్కన ఒక పిల్ల నా మాట మీద ఎదురుచూస్తూ కూర్చుని ఉంటే, నేను పెళ్లిపీటల మీద ఎలా కూర్చుంటాను? ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేదు.

చివరికి మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లులో పని దొరికింది. ఊక మండించి నడిపే ఆవిరి ఇంజను, దాని బాయిలర్ చూసుకునే మనిషి కావాలి. సేటు నా నేవీ కాగితాలు చదవలేదు, అరచేతులు తిప్పి చూసి పెట్టుకున్నాడు. మొదటి రోజు తలుపు తీసి ఊక పోస్తుంటే వేడి మొహానికి కొట్టింది. ‘జర కూసుంటరా’ అన్న గొంతు పక్కనే వినబడింది. బయటికొచ్చి ఊక కుప్ప మీద కూర్చొని ఏడ్చాను. హమాలీలు చూసి పొగ కళ్లలో పడిందనుకున్నారు. ‘కొత్త గద, అలవాటైతది’ అన్నాడు ఒకాయన.

రెండు నెలలకోసారి కోదాడ పోయేవాణ్ని. ప్రతిసారీ ఈసారి చెప్పేయాలనే పోయేవాణ్ని. అవ్వ నలుగురూ వినేట్టు వాకిట్లోనే అడిగేది, ‘మావోని ఖబరేమన్న తెలిసిందా బిడ్డా?’ అని. ఓడ దూరం పోయిందవ్వా అనేవాణ్ని. ఉత్తరం ఎందుకు రాయడంటే, ఓడ మీద టపా ఉండదవ్వా అనేవాణ్ని. ఛీ, ఎంత చక్కగా వచ్చాయో ఆ అబద్ధాలు! నేను వస్తున్నానని తెలిసిన రోజు కోడలు బొట్టు కొంచెం పెద్దగా పెట్టుకునేది. ఆమె ఎప్పుడూ ఏమీ అడిగేది కాదు. ఒక్కసారి మాత్రం, అవ్వ లోపలికి వెళ్లినప్పుడు, ‘అన్నా, సముద్రం నీళ్లు ఉప్పగుంటయంట గద?’ అంది. అవునన్నాను. ‘మరి ఆయన ఏం తాగుతడు?’ అంది. ఓడలో మంచినీళ్లుంటయి చెల్లె అన్నాను. ‘అమ్మయ్య’ అని నవ్వింది. ఆ సందేహంతో ఎన్నాళ్లు బాధపడిందో పాపం.

మరుసటి ఏడు ఎండలు ముదరకముందే దామరచర్ల వైపు నుంచి ఒకాయన వచ్చాడు. వాళ్ల కులపాయనే. పెళ్లాం కాన్పులో చనిపోయింది, పిల్లలు లేరు, సొంత మంద ఉంది. వాళ్లలో మారుమనువు తప్పు కాదు. మొగుడు చనిపోతే, కులపెద్దలు కూర్చొని సరేనంటే, కొత్త చీరె కట్టించి ఆడమనిషిని ఇంకో ఇంటికి పంపిస్తారు. నాలుగేళ్లుగా మొగుడి జాడలేని పిల్ల ఉందని విని అడగడానికి వచ్చాడు. పెద్దలు నన్ను పిలిపించారు. వాణ్ని ఆఖరుసారి చూసినవాణ్ని నేనే కదా.

వాళ్లింటి ముందు మంచాలు వేసుకొని నలుగురు పెద్దమనుషులు కూర్చున్నారు. ఆ దామరచర్ల మనిషి ఒక పక్కన చేతులు కట్టుకొని కూర్చున్నాడు. నెమ్మదస్తుడు, ఎండకు నల్లబడ్డ మొహం, మాట తక్కువ. అందరిలోకీ పెద్దాయన నన్ను అడిగాడు.

‘తమ్మీ, నువ్వు దేశాలు తిరిగినోనివి. ఒక్కటే మాట సెప్పు. ఆడు ఉన్నడా, లేడా? ఉంటె ఈ ముచ్చట ఈడనే బంద్. లేకుంటె ఆ పిల్ల బతుకు ఆ పిల్ల సూసుకుంటది.’

ఇంతకంటే తేలిక ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. ‘లేడు’ అంటే చాలు, రెండక్షరాలు. అవ్వ గడప మీద కూర్చొని నన్నే చూస్తోంది. కళ్లు ఆర్పడం లేదు. కొడుకు బతికున్నాడన్న ఆశ అనుకున్నాను. లోపల తలుపు వెనక గాజుల చప్పుడైంది.

‘ఉన్నడు’ అన్నాను.

దామరచర్ల మనిషి లేచి, కండువా దులిపి భుజాన వేసుకొని, నా దగ్గరికి వచ్చాడు. ‘మంచిగ సెప్పినవ్ తమ్మీ. బతికున్నోని ఆలిని అడగొస్తి, పాపం తగులుతుండె నాకు’ అని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. నన్ను తన్నినా బాగుండేది. ఆ నెలలోనే ఆయన ఇంకో పిల్లను చేసుకున్నాడని మిల్లుకు వడ్లు తెచ్చినవాళ్లు చెప్పారు. ఆ మాట విని నేను బాయిలర్ దగ్గర పని మధ్యలో వదిలేసి మధ్యాహ్నం దాకా ఊరి బయట తిరిగాను. సేటు తిట్టాడు. పడ్డాను.

ఆ తర్వాత మా వైపు రోజులు చెడిపోయాయి. ఒక పక్క రజాకార్లు, ఒక పక్క సంఘం వాళ్లు. ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసి జనం ఇండియన్ యూనియన్ వైపు పోయారు. మిల్లు మూతపడింది, బస్సులు ఆగిపోయాయి, నేను సూర్యాపేట చేరుకున్నాను. నేవీలో చేశానని తెలిసి రెండు పక్కలవాళ్లూ నా కోసం వచ్చారు. తుపాకి నేర్పమన్నారు. ‘నేను పార పట్టినోణ్ని నాయినా, ఊక పోసుడు నేర్పాల్నా?’ అంటే ఒకడు చెంప పగలగొట్టాడు. ఏడాది దాటినా కోదాడ పోలేకపోయాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు అది సుఖంగానే ఉంది. దారి మూసుకుంది కాబట్టి చెప్పలేకపోతున్నానని నన్ను నేను నమ్మించుకోవచ్చు.

యూనియన్ సైన్యం వచ్చి, మిల్లు తెరిచి, బస్సులు మళ్లీ తిరుగుతున్న రోజుల్లో కోదాడ నుంచి కబురొచ్చింది. అవ్వకు బాగాలేదు, ఒకసారి వచ్చి పొమ్మంటోందని. పొద్దున బస్సుకే పోయాను. మనిషి సగమైంది. మంచంలో పడుకొని ఉంది, కోడలు కాళ్లు ఒత్తుతోంది. నన్ను చూసి అవ్వ, ‘గొర్లకు నీళ్లు పెట్టిరా పో బిడ్డా’ అని ఆమెను బయటికి పంపింది. అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా ఆగింది.

‘ఇప్పుడు సెప్పు. నా కొడుకును ఎట్ల సాగనంపిన్రు?’ అంది.

‘ఏమంటున్నవవ్వా?’ అన్నాను.

‘ఎర్రిమొఖపోడా, నువ్వొచ్చిన్నాడే నాకెరికైంది. కన్నదాన్ని, నీ మొఖం సూస్తె తెల్వదా? అంతల కోడలొచ్చి దర్వాజల నిలబడె. అది ఇన్నదంటె ఏడాది తిరగకుంట ఇంకోనింటికి పోతది. వయసు పిల్ల, ఎవలు ఆపుతరు? నా నోట్ల బుక్కెడు పెట్టెటోళ్లు ఎవలున్నరు? అందుకే ఎన్నడొస్తడని అడిగిన. నువ్వు నా మాట నిలబెట్టినవ్. పెద్దమనుషులల్ల గూడ నిలబెట్టినవ్.’

ఆమెను మోసం చేస్తున్నానని నేను రెండున్నరేళ్లు కుమిలిపోయాను. ఆమేమో అన్నీ తెలిసి నా పిరికితనాన్ని పట్టుకొని కోడల్ని ఇంట్లో కట్టేసుకుంది. ఎంత కోపం వచ్చిందంటే, ఆ మంచాన్ని ఎత్తి పడేద్దామన్నంత. లేచి నిలబడ్డాను కూడా. అప్పుడు ఆమె మెల్లగా, ‘సెప్పు బిడ్డా, కాలవెట్టిన్రా? బొంద పెట్టిన్రా?’ అంది.

కూర్చొని అంతా చెప్పాను. గుడ్డ, సూది, ఇనుము, పలక. వాడు ఇంటి నుంచి తెచ్చుకున్న గొంగడిని పైవాళ్లు చూడకుండా లోపల చుట్టి కుట్టేశానని, అది ఎవరికీ చెప్పలేదని చెప్పాను. ‘నీళ్లల్ల సల్లగుంటది గద’ అంది. ‘గొంగడి కప్పితివి, మంచి పని చేసినవ్.’ అప్పుడు ఏడ్చింది. కొడుకు కోసం ఒక్కరోజైనా నోరారా ఏడవని తల్లి, బయట కోడలికి వినబడకుండా కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. ఇక ఆమెను నేనేమని తిడతాను? నేనూ ఏడ్చాను.

కొంచెం తేరుకొని నా చెయ్యి పట్టుకుంది. ‘నేను కన్ను మూసినంక దానికి సెప్పు. అందాంక సెప్పనని ఒట్టెయ్యి’ అంది. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

బయటికి వచ్చాను. ఆమె దొడ్డిలో తొట్టికి నీళ్లు పోస్తోంది. ఈసారి మాటలు వెతుక్కోలేదు. ‘చెల్లె, నీ పెనిమిటి చచ్చిపోయిండు. ఓడ మీద, నా కండ్ల ముంగట. నేను ఓడ దిగి మీ ఇంటికి రాకముందే’ అన్నాను.

ఆమె కుండ దించింది. గొర్రెలు తొట్టి చుట్టూ తోసుకుంటున్నాయి. వాటిని పక్కకు జరిపి నా వైపు తిరిగింది.

‘గా దామరచర్లాయన వచ్చిన్నాడు నీకెరికేనా అన్నా?’

‘ఎరికే.’

‘ఎరికుండే ఉన్నడంటివా?’

‘ఎరికుండే అంటి చెల్లె.’

‘ఎందుకు?’

మీ అత్త కోసం అని చెప్పి నేను తప్పుకోవచ్చు. అలా అంటే ఆ ముసలామెకు ఆ పూట నుంచి గంజి ఎవరు పోస్తారు? ‘భయపడ్డ’ అన్నాను. అబద్ధం కాదు.

‘తలుపు సందులకెళ్లి సూసిన ఆయన్ను’ అంది ఆమె. ‘మంచిగున్నడనుకున్న. అంతల నువ్వు ఉన్నడంటివి. అయ్యో, మొగడు బతికుండంగ పరాయోని దిక్కు సూస్తినని చెంపలేసుకున్న. ఆ పొద్దు తిండి గూడ తినలే.’

లోపల్నుంచి అవ్వ దాహమని పిలిచింది. ఆమె కొంగుతో మొహం తుడుచుకొని, ‘ముసల్దానికి ఎరికా?’ అని అడిగింది.

‘ఎరికలేదు’ అన్నాను. అదే ఆ ఇంట్లో నేను చెప్పిన ఆఖరి అబద్ధం.

‘సెప్పకు. ఇన్నదంటె దాని పానం ఆగదు’ అని, చెరిగిన బొట్టు వేలితో సరిచేసుకొని, ‘వస్తున్ననత్తా’ అంటూ లోపలికి పోయింది.

అవ్వ ఇంకో ఎనిమిది నెలలు బతికింది. ఆ ఎనిమిది నెలలూ కోడలు గాజులు వేసుకుంది, బొట్టు పెట్టుకుంది, ఎవరైనా అడిగితే మా ఆయన ఓడ మీదున్నడని చెప్పింది. ఒకే కప్పు కింద ఇద్దరాడవాళ్లు, ఒకే మనిషి కోసం, ఒకరికి తెలియకుండా ఒకరు ఏడ్చుకున్నారు. అందులో ఒక్క రోజు కూడా నేను ఆ ఇంటికి పోయి వాళ్ల మధ్య కూర్చొని, ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ కలిసి ఏడవండి అని చెప్పలేదు. ఈ ఒక్క పని చేసి ఉండాల్సింది. ఇన్నేళ్లకూ నన్ను వదలనిది ఇదే.

కబురు తెలిసి దినానికి పోయాను. కుల పెద్దలందరూ ఉన్నారు. ఆమె అందరి ముందుకూ వచ్చి, ఎవరూ చెప్పకుండానే గాజులు తీసి పక్కన పెట్టింది. ‘మా అత్తకు, నా పెనిమిటికి, ఇద్దరికి కలిపి చేస్తున్న ఈ దినం’ అంది. పెద్దలు నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. అప్పుడు ఉన్నాడా లేడా అని నన్నడిగిన పెద్దాయనే నెమ్మదిగా, ‘పోనీ బిడ్డా, ఇగనన్న నీకో దారి సూద్దమా? మారుమనువు మాట్లాడుదమా?’ అన్నాడు.

‘వద్దు తాతా’ అంది. ‘ఉన్నడంటె నమ్మిన. లేడంటె నమ్మిన. మల్ల ఒకడొచ్చి సూసుకుంటనంటె నమ్మే పానం నాకు లేదు.’

అందరూ తిని వెళ్లిపోయాక నేను చెప్పులు వేసుకుంటుంటే వాకిట్లోకి వచ్చింది. ఏదో అనాలని నేను నోరు తెరిచాను.

‘ఇగ మా ఇంటికి రాకన్నా’ అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే కాళ్ల మీద పడేవాణ్ని. సరే చెల్లె అన్నాను. కోదాడ దాకా నడిచి మిర్యాలగూడ పోయే బస్సెక్కాను.